గోడ మీది కృష్ణజింక

పంజాగుట్ట,
జులై, వాన పడుతున్న శనివారం.

కమలకుమారి మేడంకు చంద్రిక నమస్తే.

ఫోన్ చేస్తే కసురుకుంటరని ఉత్తరమే రాస్తున్న. చెవి మిషిన్ పెట్టుకొని ఫోన్ ఎత్తితే కీమంటదని, మాట సగమే వినబడతదని, ఆ సగానికే కోపమొస్తదని మీరు పొయ్యేటప్పుడు చెప్పిన్రు కద. అందుకే పెన్ను పట్టిన. పిల్లల నోట్సులు దిద్దుడే గాని సొంతంగ ఇంత రాసి మస్తు రోజులైంది, వేళ్ళు గుంజుతున్నయి. ఆపరేషన్ అయిన మోకాలు ఎట్లున్నది? నరసాపురంల మీ చెల్లెలుగారు మంచిగ చూసుకుంటున్నరా?

మీరు రిటైరైనంక మీ ఐదో తరగతి నాకే ఇచ్చిన్రు. మీ కుర్చీ సుత ఇచ్చిన్రు. దాని పొట్టికాలు కింద మీరు పెట్టిన ఇటుక ముక్కను నేను కదిలియ్యలే. కృష్ణమోహన్ సార్ ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటుండు, బడి అంత ఆయన కొడుకు కేదార్ సారే చూస్తుండు. మంచోడే. కాకపోతే చాక్‌పీసులు అయిపోయినా మీటింగ్ పెడతడు.

మొదటి పాఠం జంతువులు. మన రాష్ట్రంల ఉండే అడవి జంతువుల పేర్లు చెప్పుండ్రి అన్న. ఒకడు సింహం అన్నడు, ఇంకొకడు జిరాఫీ అన్నడు. శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చే ఒక పిల్ల పెంగ్విన్ అన్నది, దుబాయ్ మాల్‌ల చూసిందట. సింహం మన దగ్గర ఉండదురా అంటే అనుదీప్ లేచి నిలవడ్డడు. వాళ్ళ నాయినది అమీర్‌పేటల జిరాక్స్ షాపు, వాడికి మాటలెక్కువ. సింహం జూల ఉన్నది, జూ బహదూర్‌పురల ఉన్నది, బహదూర్‌పుర తెలంగాణల ఉన్నది, మరి ఎట్ల లేదంటరు మేడం అని అడిగిండు. నేను బోర్డు తుడుచుకుంట నిలవడ్డ.

ఆ రోజే గట్టిగ అనుకున్న, వీళ్ళకు మన జంతువులను ఎరుక చేయాల్సిందే అని. టిఫిన్ డబ్బల చీటీలు వేసిన. అలుగు, ఎలుగుబంటి, కణుజు, మనుబోతు, రేసుకుక్క, ముళ్ళపంది, దుమ్ములగొండి, ఇట్ల పిల్లకో జంతువు. దసరా దాక ఆ జంతువు వాళ్ళదే. ఒకటే షరతు పెట్టిన. ఫోన్ల చూసింది లెక్కలకు రాదు, కండ్లతోని చూసిన మనిషిని వెతికి పట్టుకొని అడిగి రాయాలె. అనుదీప్‌కు ముళ్ళపంది వచ్చింది, ఖుషీ అయిండు. బోరబండ నుంచి వచ్చే మధులతకు దుమ్ములగొండి వచ్చింది, ఆ వికారం హైనా నాకొద్దని ఆ పిల్ల ఏడ్చింది. కృష్ణజింక చీటీ మాత్రం వెయ్యలే. దాని బొమ్మ మన బడిగోడ మీదనే ఉన్నది, పిల్లలందరికి ఎరుకే కద అని.

ఆగస్టు ఆఖరుకు ఎర్రమంజిల్‌ల ఒక హాల్‌ల బడుల పోటీ ఉన్నది. మన రాష్ట్రపు అడవి జంతువుల మీదనే ప్రశ్నలు. మధులతను, అనుదీప్‌ను పంపుదామని చూస్తున్న.

మీ జింక క్షేమం మేడం. పొద్దుగాల ప్రార్థనకు పిల్లలు దాని మొఖానే చూసుకుంట నిలవడతరు. ఆ కాటుక కండ్లు చూసి హీరో జింక అని పేరు పెట్టుకున్నరు.

పైలం.
చంద్రిక


నరసాపురం,
ఆగస్టు మొదటి వారం.

అమ్మాయ్ చంద్రికా,

నీ ఉత్తరం అందింది. అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను తీశాను, మళ్ళీ లోపల పెట్టేశాను. మా చెల్లెలు భుజం మీంచి తొంగి చూసి, 'వెయ్యలే' అంటే వేసినట్టా వెయ్యనట్టా అని అడిగింది. అది హైదరాబాదు మాటలే, నీకు తెలీదు అన్నాను. అంటున్నప్పుడు కొంచెం గొప్పగానే అనిపించింది.

ఇక్కడ నన్ను అందరూ 'హైదరాబాదావిడ' అంటారు. చేపలవాడు కూడా అంతే. హైదరాబాదావిడకి ముళ్ళు తియ్యడం రాదు, చిన్న ముక్కలు కొట్టాలంటాడు. అక్కడ ముప్పై ఏళ్ళు పైచిలుకు పాఠాలు చెబితే 'ఆంధ్రా మేడం' అనిపించుకున్నాను. మధ్యలో సూర్యాపేటలో టిఫిన్‌కి బస్సు ఆగినప్పుడు మాత్రమే నన్ను ఎవరూ ఏమీ అనరు. చెల్లెలి కొడుకు ఫణీంద్ర ఆధార్‌లో అడ్రసు ఇక్కడికి మార్పించేద్దాం పెద్దమ్మా అని రోజూ పోరుతున్నాడు. శ్రీనగర్ కాలనీ ఫ్లాటుకి తాళం వేసి వచ్చింది మోకాలు బాగయ్యేదాకానే కదా, తొందరేముంది అని నెట్టుకొస్తున్నాను. మోకాలు మాత్రం బాగానే ఉంది. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

చీటీల సంగతి బాగుంది. అనుదీప్ అడిగినదాన్ని బోర్డు తుడిచి తప్పించుకోకు. బోనులో ఉన్నది ఉండడం కాదురా, తనంతట తాను తిండి వెతుక్కుని పిల్లల్ని కన్న చోటే దాని ఊరు అని చెప్పు. పిల్లలకి అది అర్థమవుతుంది.

గోడ గురించి రాశావు కాబట్టి నేనూ రాస్తాను. మా ఆయన సినిమా బ్యానర్లు రాసేవారని నీకు తెలుసు. హీరోల కళ్ళు రాయడంలో ఈయన తరవాతే, రామకృష్ణగారి తరవాతే ఎవరైనా అని తోటి పెయింటర్లు అనేవారు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది. పొద్దున్నే స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా బాల్కనీలో కూర్చునేవారు. నాకు చూడబుద్ధి కాలేదు. కృష్ణమోహన్‌గారిని అడిగితే ఆయన మారు మాట్లాడకుండా బడిగోడ ఇచ్చేశారు. ఆ వేసవంతా మెడలో తడి తువ్వాలు వేసుకుని గీశారు. పక్కన పాలపిట్ట, మధ్యలో కృష్ణజింక, కింద పెద్దక్షరాలతో 'మన రాష్ట్ర జంతువు' అని. జింకకి ఆ కాటుకేంటండీ అంటే, హీరోకి కళ్ళు లేకపోతే జనం ఆగరు కమలా అన్నారు. అదే ఆయన ఆఖరి పని. ఆ చలికాలంలోనే పోయారు.

ఆయన రాసిన బ్యానర్లలో ఒక్కటీ మిగల్లేదు. సినిమా మారితే గుడ్డ కూడా చించేసేవారు. మిగిలింది ఆ గోడొక్కటే. ఆదివారం పొద్దున్న ఎండ పడ్డప్పుడు మంచి ఫోటో తీసి, కాగితం మీద వేయించి పంపు. ఫోన్‌లో వద్దు. గోడకి తగిలించుకోవాలి.

ఆశీస్సులతో,
కమలకుమారి


పంజాగుట్ట,
సెప్టెంబరు, వినాయక చవితి వెళ్ళినంక.

మేడంకు నమస్తే.

మీ మోకాలు ఎట్లున్నది? నొప్పి ఉంటే జర కాపడం పెట్టుకోండ్రి. మీ దగ్గర సుత వానలు పడుతున్నయా?

పిల్లల సంగతి చెప్తే నవ్వుతరు. కండ్లతోని చూసిన మనిషి పంజాగుట్టల ఏడ దొరకాలె అని నాకు ఫికర్ ఉండె. అనుదీప్ తొవ్వ దొరకబట్టిండు. అమీర్‌పేట కోచింగులకు రాని జిల్లా లేదు కద. వాళ్ళంత నోట్సులు పట్టుకొని వాళ్ళ నాయిన షాపు ముంగట లైన్ల నిలవడతరు. వీడు స్టూలు వేసుకొని కూసుంటడు. ఏ ఊరు అన్న, మీ ఊరి దిక్కు ముళ్ళపంది ఉన్నదా అని ఒక్కొక్కరిని అడుగుతడు. ఉట్నూరు పిల్లగాడు ఒకడు చేన్ల దొరికిన ముల్లు దాచుకున్నడట, పండుగకు పోయి తెచ్చిచ్చిండు. ఇప్పుడు క్లాసు అంత ఆ షాపు కాడనే. అచ్చంపేట పిల్ల ఒకతి ఎలుగుబంటిని చూసి చెట్టెక్కిన కథ చెప్తుంటే, లైన్ల ఉన్నోళ్ళు జిరాక్స్ మరిచిపోయి విన్నరట. మధులత ఒక్కతే వెనుకబడ్డది, దుమ్ములగొండిని చూసినోళ్ళు దొరుకుత లేరు. దసరాకు మక్తల్ దిక్కు వాళ్ళ తాత ఊరికి పోయినప్పుడు అడుగుత అంటుంది.

పోటీ అయిపోయింది. మూడో బహుమతి వచ్చింది. స్టీలు గ్లాసులు ఇచ్చిన్రు.

ఫోటో ఇప్పుడే తియ్యరాలే మేడం. ఒకటే వానలు, గోడ ముంగట బండ్లు పెడుతున్నరు, నా ఫోన్ కెమెరా సుత మసకగ ఉన్నది. మోకాలు పైలం, మెట్లు ఎక్కకుండ్రి. తిండి టైముకు తినుండ్రి. మోకాలికి నూనె రాసుకుంటున్నరా?

చంద్రిక


నరసాపురం,
సెప్టెంబరు.

చంద్రికా,

నా మోకాలి గురించి ఒకే ఉత్తరంలో మూడు చోట్ల అడిగావు. అది నా డాక్టరు కూడా అడగడు.

మొదటి ఉత్తరంలో పోటీకి పిల్లల్ని కూడా ఎంచి పెట్టుకున్నదానివి, రెండు ముక్కల్లో తేల్చేశావు. ఏ ప్రశ్న అడిగారో, ఎవరు చెప్పారో, ఎక్కడ మార్కు పోయిందో ఒక్క మాట లేదు. గోడ ముందు బండ్లు ఆదివారం కూడా పెడుతున్నారా? హోంవర్కు చెయ్యని పిల్లలు కడుపునొప్పి అంటూ వచ్చి నిలబడ్డప్పుడు వాళ్ళ ముఖం ఎలా ఉంటుందో, నీ ఉత్తరం అలా ఉంది.

ఏం జరిగిందో రాయి. ఎంత చెడ్డ సంగతైనా తెలియనప్పుడే ఎక్కువ భయం.

కమలకుమారి


పంజాగుట్ట,
సెప్టెంబరు, బతుకమ్మకు ముందు.

మేడం,

మీకు అబద్ధం రాస్తే దొరికిపోత అని ఎరుకే, అయినా రాసిన. అంత చెప్తున్న, వినుండ్రి.

పోటీల మన పిల్లలు మంచిగ చెప్పిన్రు. అలుగు పొలుసులు అడిగినా, మనుబోతు ఏం తింటదని అడిగినా మధులత చెయ్యి ఆగలే. ఆఖరు ప్రశ్నకు వచ్చేసరికి మనమే ముందట ఉన్నం. ఆఖరుకు అన్నిటికన్న అల్కటి, చిన్నపిల్లలు సుత చెప్పేటి ప్రశ్న అడిగిన్రు. మీ రాష్ట్ర జంతువు ఏది అని. మధులత కూసున్న జాగల కెళ్ళి లేచి, హాలంత వినబడేటట్టు కృష్ణజింక అన్నది.

తప్పు అన్నరు. చుక్కల జింక అన్నరు. తప్పు చెప్తే మార్కులు కోస్తరు, మూడోదానికి పడ్డం. ఆ పిల్ల నమ్మలే. కాదు సార్, మా బడిగోడ మీద రాసి ఉన్నది అని వాదించింది. హాల్‌ల నవ్విన్రు మేడం.

రామకృష్ణ సార్ గీసినప్పుడు అది ఒప్పే. అప్పుడు రాష్ట్రం ఒకటే. తర్వాత రాష్ట్రం వేరయింది, మనకు చుక్కల జింక వచ్చింది, పుస్తకాలు మారినయి. గోడ మారలే. పుస్తకంల చుక్కల జింక అని నేనే చెప్తి, పొద్దుగాల ప్రార్థనల కృష్ణజింక ముంగట నేనే నిలవడితి. ఒక్కనాడు సుత రెండింటిని కలిపి చూడలే. ఇన్నేండ్లల మీరు, నేను, కృష్ణమోహన్ సార్, ఎవ్వరం చూడలే. పుస్తకం ఉండంగ గోడను ఎందుకు నమ్మినవే అని మధులతను అడిగితే, పుస్తకం ఏడాదికొకటి మారుతది మేడం, గోడ మారదు కద అన్నది.

తెల్లారి తల్లిదండ్రులు వచ్చిన్రు. ఒకాయన కేదార్ సార్ ముంగట అన్న మాటే మీకు రాయొద్దని అనుకున్న. ఆంధ్రా జింకను మన గోడ మీద పెట్టుకొని మన పిల్లల నోట్ల మన్ను కొడుతున్నరా అన్నడు. నేనేమంట? రాత తప్పే కద.

దసరా సెలవులు అయిపోంగనే గోడకు మొత్తం తెల్లసున్నం వేయించాలె అన్నడు కేదార్ సార్. ఇప్పుడే వేయించేటోడు గాని వానలకు గోడ తడిసి ఉన్నది, సున్నం నిలవదని పెయింటర్ ఓదెలు చెప్పిండు. రామకృష్ణ సార్ సంగతి, మీ సంగతి నేను చెప్పిన. ఆయన విన్నడు. నాకు సుత బాధనే మేడం, కాని తప్పు చదువు చెప్పే గోడను బడిల ఎట్ల ఉంచుదం అన్నడు.

ఫోటో తీసి పంపుత. సున్నం పడకముందే తీస్త.

చంద్రిక


నరసాపురం.

చంద్రికకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

కేదార్ చెప్పింది న్యాయం. నేను టీచర్ని. ఎవరి చేతి రాతైనా సరే, తప్పుని పిల్లల కళ్ళ ముందు ఉంచమని అడగను. సున్నం కొట్టించేయండి. నా పేరు చెప్పి ఎవర్నీ బతిమాలకు. ఆ పిల్లని మాత్రం ఏమీ అనొద్దు. చదివిందే చెప్పింది.

ఆయన తప్పు రాయలేదు. రాసిన రోజున అది నిజం. ఆ సంగతి ఆ పెద్దమనిషికి చెప్పాలని ఉంది, కాని చెప్పి ఏం లాభం? ముప్పై ఏళ్ళు ఉన్నదాన్నే అక్కడిదాన్ని కాలేకపోయాను, గోడ మీద బొమ్మ ఎంత?

ఫోటో పంపొద్దు. చూడలేను.

కమలకుమారి


పంజాగుట్ట,
అక్టోబరు, బడి తెరిచిన వారం.

కమలకుమారి మేడంకు,

ముందు ఒక మాట చెప్త, తర్వాత కూసొని చదువుకోండ్రి. జింక ఉన్నది. గోడ మీదనే ఉన్నది. ఇగ ఎవ్వరు దాని జోలికి పోరు.

ఎట్లయిందో చెప్త. మధులత పండుగకు అమ్మానాయినలతోని మక్తల్ దిక్కు వాళ్ళ తాత దగ్గరికి పోయింది. దుమ్ములగొండి సంగతి అడిగింది. చిన్నప్పుడెన్నడో చూసిన బిడ్డా, ఇప్పుడు ఏడున్నయి అన్నడట ఆ ముసలాయన. నేను రోజు చూసే జంతువును చూపిస్త రా అని పొద్దుగాల చేనుకాడికి తీసుకపోయిండు. మంద మంద ఉన్నయట మేడం. నల్లటి పోతులు, మెలికల కొమ్ములు. పత్తి చిగుర్లన్ని మేస్తున్నయి. మన గోడ మీది జింకలే. తాత డబ్బ కొట్టుకుంట తిట్టుడు మొదలుపెట్టిండట, జింకలా ఇవి, పిలవకుండ వచ్చి దినాం తినిపొయ్యే చుట్టాలు అని.

మధులత అక్కడనే అడిగిందట, తాతా ఇవి ఆంధ్రా నుంచి వచ్చినయా అని.

"ఆంధ్రా ఏంది బిడ్డా," అన్నడట తాత. "మా తాత కాలం నుంచి మా చేన్లనే మేస్తున్నయి. మన కాడ పుట్టినయి, మన కాడనే సస్తయి."

ఆ పిల్ల అంతటితోని ఊకోలే. సెలవులల్లనే వాపస్ వచ్చి, అనుదీప్‌ను వెంటపెట్టుకొని జిరాక్స్ షాపు కాడ స్టూలు వేసింది. ఎవరన్న కృష్ణజింకను చూసిన్రా అని లైన్ల ఉన్నోళ్ళనందరిని అడిగిన్రు. కృష్ణానది దిక్కు నుంచి వచ్చినోళ్ళు చెయ్యి లేపిన్రు. ఒక పిల్లగాడైతే, అవి మస్తు తిప్పలు పెడుతున్నయి, మీ గోడ మీదికే తీసుకపోండ్రి అని నవ్విండట. ఎవరేం చెప్పిన్రో అంత రాసుకున్నరు.

బడి తెరిచిన రోజు ఓదెలు సున్నం కలుపుకొని, నిచ్చెన వేసుకొని తయారుగ ఉన్నడు. ప్రార్థన అయిపోంగనే సార్, ఒక్క నిమిషం అని మధులత ముంగటికి వచ్చింది. నాకు చెప్పలేదు మేడం, నిజంగ. పిల్లలే మాట్లాడుకున్నరు. చేతుల కాయితం పట్టుకున్నది గాని దాని దిక్కు చూడలే.

"సార్, నేను చెప్పిన జవాబు తప్పే," అన్నది. "రాష్ట్ర జంతువు చుక్కల జింకనే. కాని గిది ఆంధ్రా జింక కాదు సార్. మా తాత చేన్ల ఉన్నది. రాష్ట్ర జంతువు కాకపోతే ఏంది, రాష్ట్రంల ఉన్నది కద. ఎటూ పోలే."

కేదార్ సార్ గోడ దిక్కు చూసిండు. మరి చుక్కల జింక సంగతేంది అని అడిగిండు. అనుదీప్ లైన్ల కెళ్ళే అందుకున్నడు. దాన్ని పక్కన గీస్తం సార్, రెండు ఒకటే గోడ మీద ఉంటే కొట్లాడవు, జింకలు కద అన్నడు. ముందుగాల ఓదెలు నవ్విండు. తర్వాత కేదార్ సార్ నవ్విండు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది, అందరి ముంగటనే ఏడ్చిన.

కింద రాసిన అక్షరాలు ఒక్కటే తుడిపిచ్చిన్రు. ఓదెలు అక్కడి మందమే సున్నం వేసిండు, పైన బొమ్మకు చుక్క అంటనియ్యలే. ఆ జాగల ఏం రాయాల్నో పిల్లలు రెండు రోజులు కొట్లాడిన్రు. ఆఖరుకు మధులత చెప్పిందే రాసినం. 'కృష్ణజింక. ఇక్కడిదే.' అంతే.

చుక్కల జింకను పిల్లలే గీసిన్రు. తట్టు పోసిన మేక లెక్క ఉన్నది. తిట్టకుండ్రి. ఆ రోజు మాట అన్న పెద్దమనిషి నిన్న కొడుకును దింపుటానికి వచ్చిండు, గోడను చూసుకుంట బండి మీద చాన సేపు కూసున్నడు. తర్వాత బండి తిప్పుకొని పోయిండు.

మీరు వద్దన్నా ఫోటో పెడుతున్న. అమీర్‌పేటల స్టూడియోల వేయించిన. దగ్గరకు పట్టుకొని చూడుండ్రి. కింద మూలకు సార్ సంతకం ఉన్నది, మొక్కల కుండీ జరిపినంక కనబడ్డది. ఇన్నేండ్లు ఆ కుండీకి నీళ్ళు పోసింది మీరే.

మీ చంద్రిక


నరసాపురం (ప్రస్తుతానికి),
అక్టోబరు.

చంద్రికా, నా తల్లీ,

నువ్వు కూర్చుని చదవమన్నావు. నిలబడే చదివాను, తరవాత కూలబడ్డాను. మా చెల్లెలు కంగారుపడి మంచినీళ్ళు పట్టుకొచ్చింది. ఏం జరిగిందక్కా అంటే ఏమీ జరగలేదు, ఏమీ జరగలేదే అని నవ్వుతూ ఏడ్చాను. దానికి ఇప్పటికీ అర్థం కాలేదు.

కొట్టించేయండి అని నీకు రాసి పోస్టు చేసి, సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆ ఉత్తరం తిరిగి ఇచ్చెయ్యమని పోస్టుమాస్టరుని అడిగాను. డబ్బాలో పడ్డాక అది మీది కాదండి, సర్కారుది అన్నాడు. ఆ కోపంలోనే ఫణీంద్రతో ఆధార్ సెంటరుకి వెళ్ళాను, అడ్రసు మార్చేద్దామని. సర్వరు పనిచెయ్యట్లేదు, రేపు రమ్మన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు. ఇక రాదు. నిన్న వాడికి చెప్పేశాను. మోకాలు బాగయిందని కూడా చెప్పేశాను. మా చెల్లెలు ఒక పూట అలిగింది, సాయంత్రం మాత్రం నాకు ప్రయాణంలోకి జంతికలు మొదలుపెట్టింది.

ఫోటో మంచం ఎదురుగా పెట్టుకున్నాను. ఆ కళ్ళు అలాగే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆయన సంతకం మీద కుండీ పెట్టి నీళ్ళు పోశానన్నమాట. ఆయనుంటే ఎంత నవ్వేవారో.

మీ చుక్కల జింక మాత్రం ఘోరంగా ఉంది. చుక్కలు అలా చల్లినట్టు వెయ్యకూడదు, వీపు పొడుగునా వరసగా సాగాలి. చెవులు కుందేలువి. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. కార్తీక పౌర్ణమి వెళ్ళగానే వస్తున్నాను, వచ్చి పిల్లల చేతే దిద్దిస్తాను. కళ్ళకి కొంచెం కాటుక కూడా పెట్టిద్దాం. కొత్త జింకకి చిన్నతనంగా ఉండకూడదు కదా.

మధులతకి చెప్పు, నాకు ఆ పిల్లని చూడాలని ఉంది. వాళ్ళ తాతని నేను అడిగానని చెప్పమను. ఆయన పత్తి పోయినందుకు బాధగా ఉంది, జింకలు ఉన్నందుకు సంతోషంగా ఉంది. రెండూ నిజమే.

కుర్చీ కింద ఇటుక ముక్క జాగ్రత్త.

కమలకుమారి
శ్రీనగర్ కాలనీ, హైదరాబాదు